మూడో డబ్బీ

మళ్ళీ వచ్చినాడు కుళ్ళాయప్ప.
మూడో డబ్బీ. మూత బిగించి,
చేతిగుడ్డలో చుట్టి,
పెండ్లికి చదివింపులు తెచ్చినంత జాగ్రత్తగా.

తాడిపత్రిలో బండల పాలిష్ ఫ్యాక్టరీ,
పంతొమ్మిదేండ్లు.
తలమీద తెలుపు వయసుదో పొడిదో
అడగడం మానేసినా.

గళ్ళను గాజుపలక మీద పూసి, మంటకు చూపి,
ఎర్రరంగు, కడుగు, నీలం రంగు.
నూరు చోట్ల వెతికినా
అంతా నీలమే. ఒక్క ఎర్రపుల్ల లేదు.

నెగెటివ్ అని రాసినా.
"అంటే?"
"ఏమీ లేదన్నా."
"ఏమీ లేకనే ఇంత ఆయాసమా, మా?"

జిల్లా ఆఫీసు ఫారంలో
జ్వరానికి గడి ఉంది, చక్కెరకుంది, బీడీకుంది.
ఆయన బీడీ ముట్టడు.
బండపొడికి లేదు.
పోయిన నెల అంచున పెన్సిల్‌తో రాసి పంపితే
కంప్యూటర్లోకి ఎక్కలేదంట.

కాగితం మడిచి జేబులో పెట్టుకొని
పోబోతూ నిలబడినాడు.
చెప్పు విడిచి
బొటనవేలితో అతుకు తడిమి
"ఈ ఆసుపత్రి బండలు మేం కోసినవే.
ఇన్నేండ్లకూ ఒక్కటి కదిలిందేమో చూడు" అన్నాడు.
నవ్వబోతే దగ్గొచ్చింది.
వరండా స్తంభం పట్టుకొని
అది అయిపోయేదాకా వంగే ఉన్నాడు.
నేను నేలను చూస్తా నిలబడినా.
పొద్దున తుడిచిన నేల,
నా మొహం కనపడేంత నునుపు.

తర్వాత కిటికీ దగ్గరికొచ్చి
ఇంకో ఖాళీ డబ్బీ అడిగినాడు.

"ఈసారన్నా దొరకతాదేమో చూడుమా.
ఆ రోగానికైతే
మందులు ఊరికే ఇస్తారంట."