పన్నెండు గంటల గడి

మంగళవారం హల్‌బేరాకి తుంటి ఎముక మార్చారు.
నడుముకి సూది, చేతి నరంలోకి కాస్త మత్తు.
మనిషిని ఆర్పలేదు, వత్తి తగ్గించాం, అంతే
అన్నాడు మత్తు డాక్టరు ఓర్‌నోల్ఫుర్.

ఆవిడకి డెబ్బై తొమ్మిది.
ఈ ఇసాఫ్యోర్దుర్ ఆస్పత్రికి ఉత్తరంగా
మూడువైపులా సముద్రమున్న కొండకొమ్ము మీద
ముప్ఫై ఒక్క ఏళ్లు వాతావరణం రాసింది.
మూడు గంటలకోసారి లేచి
గాలి ఎటు, మబ్బు ఎంత, పాదరసం ఎక్కడ.
కాన్పు నొప్పుల్లో కూడా ఒక్క గడి ఖాళీ లేదట.
ఆ మాట ఆవిడే చెప్పింది, మూడుసార్లు.

అలాంటి మనిషి నిద్ర ఎలా ఉంటుంది?
అతుకుల బొంత.
"అయితేనేం, నాదే. ఎక్కడ కుట్టానో నాకు తెలుసు."

మొదటి రాత్రి నా డ్యూటీ.
జూన్ నెల. రాత్రి అంటుంది గడియారం,
కిటికీ ఒప్పుకోదు.
ఒంటిగంటకి కళ్లు తెరిచే ఉన్నాయి.
రెండింటికి దుప్పటి మీద దేన్నో ఏరుతోంది,
చేపలో ముళ్లు ఏరినట్టు.
మూడింటికి గోడ చూపించి
పొగమంచు దిగుతోంది, పడవలకి చెప్పు, అంది.
చెప్పానని చెప్పాను.

పగలంతా తూగు.
సూపు చెంచా పెదవి దాకా వచ్చి ఆగిపోయేది.
చీకటే లేని రాత్రుల్లో మాత్రం
కునుకు కంటి దరిదాపులకి రాదు.

మూడో రోజుకి మాట తేటపడింది.
నోటు పుస్తకం అడిగి గీతలు గీసుకుంది, గళ్లు నింపింది.
మంగళవారం మధ్యాహ్నం పన్నెండు దగ్గర
పెన్ను ఆగింది.

"ఇక్కడ నేనెక్కడ?"
నిద్రపోయారు, అన్నాను.
అందరికీ అలవాటుగా అనే మాట.

"నిద్రా! నిద్రకి గడప ఉంటుంది బాబూ.
కాలు తడబడుతుంది, ఒకసారి వెనక్కి చూస్తాం,
అవతలినించి కల ఏదో ఎదురొస్తుంది.
దీనికి గడప లేదు.
ఎవరో పేజీ చింపి అంచులు కలిపి అంటించారు.
కళ్లు మూస్తే మళ్లీ చింపుతారేమోనని."

ఓర్‌నోల్ఫుర్‌ని అడిగాను.
కాఫీ కప్పులోకి చూస్తూ చెప్పాడు:
నొప్పి ఉంది, మాత్రలున్నాయి, మన బజర్లున్నాయి,
ఈ వెలుతురొకటి, ఆ వయసొకటి.
ఇందులో నా మత్తు వాటా ఎంతో
నిజంగా నాకు తెలీదు.
కొందరికి వారం. కొందరికి ఇంకా.

కప్పు అక్కడే వదిలేసి వార్డుకొచ్చాడు.
ఆవిడ పక్కన కూచుని,
పన్నెండుకి నేనున్నానక్కడ, అన్నాడు.
నాడి అరవై రెండు. కొంచెం గురక.
అద్దం మీద చినుకులు, నైరుతి నుంచి.
మీరొక మాట అన్నారు, మాకెవరికీ అర్థం కాలేదు,
ఎనిమిదింట ఆరు అని.

"మబ్బు," అంది హల్‌బేరా.
"ఆకాశం ఎనిమిది పాళ్లయితే మబ్బు ఆరు పాళ్లు."
చాలాసేపు డాక్టరు చేతులకేసి చూసింది.
తర్వాత గడి నింపి
పక్కన చిన్న అక్షరాలతో రాసింది: ఇతరుల సాక్ష్యం.

ఇక హాయిగా నిద్రపోయిందనుకుంటారు.
లేదు. ఆ రాత్రి నాలుగింటిదాకా నాతో తగువు,
కర్టెన్ సరిగ్గా వెయ్యడం రాదా అని.
గాయాలకి వేసే ప్లాస్టరు తెచ్చి
కర్టెన్ అంచుని గోడకి అంటించాను.
అర్ధరాత్రి బీపీ చూడక్కర్లేదని డాక్టరు చేత రాయించాను.
తలుపు బందుకి నూనె వేశాను.
నర్సు చేతిలో ఉన్నవి ఇవే.

ఆరో రాత్రి, పన్నెండు గంటల గడిలో:
గాలి లేదు.
మూడింటికి వెళ్లాను.
పెన్ను మూత తీసే ఉంది, కళ్లద్దాలు పొట్ట మీద,
నోరు తెరుచుకుని
రెప్పల కింద కనుపాపలు అటూ ఇటూ,
ఎక్కడో ఎవరికో ఏదో చూపిస్తున్నట్టు.
లేపనా, అని ఒక్క క్షణం.
ముప్ఫై ఒక్క ఏళ్ల లెక్క, నా చేతిలో.

పెన్నుకి మూత పెట్టాను.

పొద్దున్నే ఆ ఖాళీ చూసుకుని నన్ను తిట్టింది.
నవ్వుతూ కాదు,
నిజంగానే.