కుడి ముందు చక్రం

నలబై దాటితే మొదలయ్యేది,
తుమ్మెదొకటి డోరు సందులో ఇరుక్కున్నట్టు.
అరవైకి ఆ తుమ్మెదే విమానమయ్యేది.
వెనక సీట్లో టమాటా మండీ మునిరత్నం
కునుకు తీస్తా తీస్తా, కండ్లు తెరవకుండానే
"రేణిగుంటలో దిగతా ఉందా అబ్బా?" అనేవాడు.

క్లచ్చు తొక్కి న్యూట్రల్ చేసి చూసినా.
ఇంజిను నోరు మూసుకున్నా కూత ఆగలా.
టైర్లు మార్చినా, నాలుగు ట్రిప్పుల డబ్బు.
కొత్త రబ్బరు వాసనలో
అదే మూలుగు, కొంచెం శుభ్రంగా.

భాకరాపేట కనుమ ఎక్కేటప్పుడు ఎడమ పక్క కొండ.
ఆ రాతి గోడ నా కూతను నాకే విసిరేది.
ఎడమ చక్రమే, అని ఒట్టేసి చెప్పినా
బైపాసు షెడ్డువాడికి.
వాడు మారు మాట్లాడకుండా ఎడమది మార్చి
మారు మాట్లాడకుండా డబ్బు తీసుకున్నాడు.
మర్నాడు మళ్లీ అదే కొండ, అదే తిట్టు.

ఆటోనగర్ చివర, ఊడిన బానెట్ల నడాన
మదారన్నకు రెండు చెవులూ సగం సగమే.
ముప్పై ఏండ్లు లారీ రేకులు కొట్టి
ఆ సుత్తికే చెవులిచ్చేసినాడంట.
"శబ్దం వస్తా ఉందన్నా!" అని అరిస్తే
"ఏ మలుపులో?" అన్నాడు.
మలుపుల్ని నేనెప్పుడు అడిగినా?

పక్కన కూచోబెట్టుకుని కరకంబాడి రోడ్డెక్కినా.
ఖాళీ చూసి స్టీరింగు ఎడమకు తిప్పమన్నాడు.
కూత గొంతు పెంచింది.
కుడికి తిప్పితే సద్దుమణిగింది,
ఏడ్చే బిడ్డను ఆ చంక నుంచి ఈ చంకకు మార్చినట్టు.
ఆయన వినలా.
చెప్పు విడిచి, అరికాలు కింది రేకుకు ఆనించి
కండ్లు మూసుకోనుండాడు.
"ఎడమకు తిరిగితే బరువెవురి మీద పడతాది?"
"కుడి మీద."
"మరి ఏడ్చేదెవురు?"
నా పాదం కిందే. యాక్సిలరేటరు పక్కనే.
మూడు నెల్లుగా.

జాకీ ఎక్కించి
పైనొక చెయ్యి, కిందొక చెయ్యి వేసి ఊపితే
వదులు పన్ను మాదిరి టక్కుమనింది.
చక్రాన్ని గిర్రున తిప్పి, స్ప్రింగు చుట్ట మీద
నా వేళ్లు లాక్కోని పెట్టినాడు.
ఇసుక.
ఇనుము లోపల ఇసుక పారతా ఉంది,
ఎండాకాలం స్వర్ణముఖి మాదిరి, నీళ్లు లేకుండా.

చెంగల్రాయుడు, మీసమింకా రాని పిల్లోడు,
నట్టుకు పానా, పానాకు గొట్టం,
గొట్టం మీద తానే ఎక్కి ఎగిరినాడు.
మూడో ఎగురుకు తుప్పు కేక పెట్టి వదిలింది.
సర్‌క్లిప్పు లేచి పోయి నా టీ గ్లాసులో పడింది.
ప్రెస్సు కింద పాతది ఊడేటప్పుడు
ఢామ్మని ఒకటే పేలుడు.
నేనూ పిల్లోడూ ఎగిరిపడినాం.
మదారన్న బీడీ కూడా కదల్లా.

విప్పి చూపించినాడు:
గ్రీజంతా మాడిన సంగటి అడుగు,
గుండ్లు తిరిగే బాటంతా అమ్మవారి మచ్చలు.
పోయిన వానల్లో మోకాల్లోతు నీళ్లలోంచి
బండిని ఈదించి తెచ్చినా, మొనగాడి మాదిరి.
ఆ పొద్దే దిగినట్టుంది లోపలికి ఈ రోగం.

కొత్తదాన్ని కూచోబెడతా పిల్లోడికి చెప్పినాడు:
"బయటి రింగు మీదే ఒత్తాల.
లోపలిదాని మీద ఒత్తినావంటే
పుట్టకముందే ముసిల్దయిపోతాది."

ఎనబై.
నిశ్శబ్దమేమీ లేదు.
డబ్బాలో చిల్లర గలగల, డిక్కీలో జాకీ దొర్లుడు,
ఇండికేటరు కీచురాయి.
అన్నిటికంటే గట్టిగా
ముందు పోయే ప్రతి ఆటోవాణ్ణీ
నేను గొణిగే తిట్లు.
ఇన్నాళ్లూ యాడ దాక్కోనున్నాయో ఇవన్నీ.

"ఎంతన్నా?"
వేళ్లు చూపించినాడు.
"అయిదొందలు తగ్గించన్నా, ఎడమదానికి అప్పుడే పోయింది!"
నా అరుపుకి పక్క షెడ్డులో ఇద్దరు తిరిగి చూసినారు.
మదారన్న కిరసనాయిల్లో చేతులు కడుక్కుంటా ఉండాడు.
"బేరింగు మాటయితే తెలుస్తాదన్నా,
బేరం మాటే మా ఉస్తాదుకు ఎక్కదు"
అన్నాడు చెంగల్రాయుడు.

నోట్లు లెక్కబెట్టి బెంచీ మీద పెడితే
తలెత్తకుండానే అన్నాడు:
"ఒకటి తక్కువుంది."