తిరుగు బండి

జూన్ రెండో వారం దిగాం ఈ ఊళ్లో.
పుంగనూరు నుంచి మూడు మూటలు, ఒక గ్యాసుబండ,
పగిలిన బకెట్లో కరేపాకు మొక్క.
దిగీ దిగగానే పాత మొక్కొకటి గుర్తొచ్చి
మా హేమాద్రికి గుండు కొట్టించి
గంధం ఆరకముందే మూడో తరగతిలో కూర్చోబెట్టాం.
ఊళ్లో సగం గుండ్లే కదా, ఎవరు చూస్తారులే అనుకున్నా.
ఆ బళ్లో మాత్రం వాడొక్కడిదే గుండు.

"అమ్మా, మన తిరుగు బండి ఎప్పుడు?"
మొదటి నెలంతా ఇదే మాట.
వాడి తప్పేముంది,
కొర్లగుంట సందు దాటితే చాలు
ప్రతి భుజానికీ ఒక సంచి,
ప్రతి సంచిలో లడ్డు పొట్లం, తిరుగు టికెట్టు.
ఇక్కడికొచ్చిన వాళ్లు ఉండిపోతారని
వాడికి ఎవరు చెప్పారు గనక?

ఆగస్టులో ఆడపడుచు గృహప్రవేశమని
శుక్రవారం మధ్యాహ్నమే బడి మాన్పించి తీసుకుపోయా.
తిరిగొచ్చేసరికి మంగళవారం.
ఈలోగా ఏం జరిగిందో పెద్దవాళ్లకు చెబితే నవ్వుతారు:
రెండో బెంచీలో కిటికీ పక్క చోటు పోయింది.
ఖోఖో జట్టులో పేరు పోయింది.
తొమ్మిదో ఎక్కం వీణ్ణి వదిలేసి ముందుకు పోయింది.
గేటు దగ్గర నా కొంగు పట్టిన వేళ్లు విడిపించడానికి
నేను, ఆయమ్మ, ఒక చాక్లెట్టు.
నాలుగు రోజుల ప్రయాణానికి
పదకొండు రోజుల ఏడుపు.
క్యాలెండరు వెనక పెన్సిల్‌తో గీతలు గీశా, ఇప్పటికీ ఉన్నాయి.

ఇప్పుడు నవంబరు.
ఆయన గ్యారేజీ నూనె చేతులతోనే
జేబులోంచి పాసులు తీశాడు.
"విశాఖపట్నం. నాలుగు రోజులు. సెలవు కూడా ఇచ్చారు."
పెళ్లయి పదేళ్లు.
ఊరగాయ జాడీలో ఉప్పు తప్ప
సముద్రంతో నాకు పరిచయం లేదు.
ఆ రాత్రే అటక మీద నుంచి సంచి దించా, దులిపా.

వాడు సంచిని చూశాడు.
ఎక్కడికని అడగలేదు.
అద్దం ముందు నిలబడి
ఇప్పుడిప్పుడే దువ్వెనకు దొరుకుతున్న జుట్టును
తడిపి, పాపిడి తీసి, చెరిపి, మళ్లీ తీసి
"పోయొస్తే నేను మళ్లా కొత్తోణ్ణయితానమ్మా" అన్నాడు.

కోపమొచ్చింది, దాచుకోవడమెందుకు.
ఎనిమిదేళ్ల వాడి బెంచీ ముందు
నా సముద్రం చేతులు కట్టుకుని నిలబడాలా అని.
కచ్చాపచ్చాగా ఉండాల్సిన ఊరిబిండి
ఆ పూట గంధమైపోయింది మిక్సీలో.

"సముద్రం యాడికీ పోదులే" అన్నాడాయన.
అది పోదు.
పోతున్నది నేను కదా, ఏటికేడు.

పాసులు మార్చి దాకా చెల్లుతాయట.
రేషను కార్డు మడతలో పెట్టా.
సంచిని మాత్రం అటక ఎక్కించలేదు,
తలుపు వెనక కొక్కేనికి వేలాడుతూనే ఉంది.

ఆదివారం చంద్రగిరి కోటకు పోయాం,
పొద్దున పోయి సాయంత్రానికి ఇంటికి.
పులిహోర డబ్బా, రెండు నీళ్ల సీసాలు,
వాడి పక్క బెంచీ సాదిక్.
ఇద్దరూ కోట నీడలో రాళ్లు పేర్చి
తరగతిలో ఎవరెక్కడో నాకు చూపించారు.
సారు పెద్ద బండరాయి.
రెండో వరస చివర చిన్న తెల్లరాయి.
"ఇది నేను."
అది కిటికీ పక్కనేనా అని అడగబోయి ఆగా.

తిరుగు దారిలో బస్టాండు బయట
అప్పుడే చేసిన గుండుతో ఒక ముసలాయన, గుంటూరు యాస,
"బాబూ, విష్ణునివాసం ఎటు?" అన్నాడు.
నేను నోరు తెరిచేలోపే
మావాడు చెయ్యి చాచి చూపించాడు,
తప్పు దారి.
సాదిక్ పకపకా నవ్వి ఆ చేతినే పట్టుకుని
రైల్వే స్టేషను వైపు తిప్పాడు.

తప్పయితేనేం.
"తెలీదు తాతా, మేమూ కొత్తే" అనలేదు వాడు.