వెనక్కి కూర్చున్నవాడు

మా అన్న ఆశీర్వాదం
ఎప్పుడూ వెనక్కి తిరిగే కూర్చునేవాడు.
నాయన సైకిల్ క్యారియర్ మీద, వీపుకు వీపు ఆనించి,
లాలాగూడ వర్క్‌షాపు గేటు నుంచి మెట్టుగూడ దాకా
దాటిపోయిన దారినంతా చూస్తూ.
"ముందుకు తిరుగురా, పడ్తవ్" అంటే
"ముందుకు నువ్వు జూస్తున్నవ్ గద నాయనా,
ఎన్క ఏమైతున్నదో ఒక్కడన్న జూడాలె" అనేవాడు.

పంతొమ్మిదో ఏట ఆ పనికే జీతం ఇచ్చారు.

బాంబులు వేసే విమానంలో ఇద్దరే మనుషులట.
ముందు పైలట్. అతని వెనక, తోక వైపు తిరిగి,
తుపాకీ పట్టుకుని మా అన్న.
సెలవుకొచ్చినప్పుడు రెండు పీటలు వేసి చూపించాడు.
ఎనిమిదేళ్ల నేను పైలట్‌ని. రోకలి తుపాకీ.
పచ్చడి జాడీని జపాను విమానం చేశాం.
కాల్చేలోపే అమ్మ వచ్చి రోకలి లాక్కుపోయింది,
పప్పు దంచాలి మరి.

బర్మా వైపు నుంచి మూడు ఉత్తరాలు.
మొదటి దాంట్లో దోమలు. రెండో దాంట్లో
అమ్మ చేసే చింతచిగురు మాంసం కావాలని, ఎట్లా పంపుతాం.
మూడో ఉత్తరం ఇట్లా మొదలైంది:
"బాంబు వేసినాయన పైకి లేచి ముందుకు పోతడు.
అది పడ్డంక ఏమైతదో కనపడేది నాకే. నిన్న"

ఆ తర్వాత నాలుగు వరుసలు నల్ల సిరా.

లాంతరుకు అడ్డం పెట్టాం. ఎండకు పెట్టాం.
తడిగుడ్డతో అద్దబోతే కాగితం చిరిగి
అమ్మ నన్ను కొట్టింది, మొదటిసారి.
ఆ నాలుగు వరుసలూ చదివిన మనిషి ఒకడున్నాడు.
తెలుగు వచ్చినవాడే అయ్యుంటాడు,
ఏ ఊరివాడో, బల్ల మీద సిరాబుడ్డి పెట్టుకుని.
అన్న చూసినది ఈ లోకంలో అతనికి తెలుసు.
పోయేటప్పుడు ఎవరికైనా చెప్పి పోయాడో లేదో.

తంతి సంగతి రాయను.

యుద్ధం అయిపోయిన మరుసటేడు
నాగపూర్ కుర్రాడు ఒకడు అన్న ట్రంకు మోసుకొచ్చాడు.
ఆ విమానానికి మెకానిక్ తానే అన్నాడు.
ముక్కు నేలకు పెట్టి నిటారుగా దూకిందట,
మళ్లీ లేవలేదట.
నాయన ఫిట్టరు. ఇరవై రెండేళ్లు ఇంజన్ల కింద పడుకున్నవాడు.
ఏడవలేదు. ఒక్కటే అడిగాడు:
"కౌన్సా బోల్ట్ థా, బేటా?"
ఆ పిల్లాడు మా గడప మీద కూలబడి
చేతులు రెండూ చాపి చూపించాడు,
ఆ చేతులతోనే అన్నీ బిగించానని.
నాయన ఆ చేతులు పట్టుకుని తిప్పి తిప్పి చూశాడు,
పాడైన పనిముట్టును చూసినట్టు.
తర్వాత అన్నం పెట్టమన్నాడు.

తినేటప్పుడు ఆ కుర్రాడే చెప్పాడు.
అట్లా దూకేటప్పుడు పైలట్‌కు నేల ఎదురొస్తుంది.
వెనకవాడికి నేల కనపడదు, అమ్మీ.
వెల్లకిలా పడుకున్నట్టే. అంతా ఆకాశమే.
నన్ను ఊరడించడానికి అన్నాడో, నిజమో.

సమాధుల పండుగకు అందరూ సున్నం బకెట్లతో పోతే
మాకు సున్నం వేయడానికి ఏమీ లేదు.
అమ్మ కొవ్వొత్తి తీసుకెళ్లి
సైకిల్ క్యారియర్ మీద అంటించింది.
మైనం కారి ఇనప చువ్వల మధ్య గడ్డకట్టింది.
నాయన ఆ ఏడంతా దాన్ని గీకలేదు,
బియ్యం మూట కూడా హ్యాండిల్‌కే వేలాడదీశాడు.

నిన్న లాలాగూడ గేట్‌లో లోకల్ రైలెక్కాను.
కిటికీ పక్కన వెనక్కి తిరిగిన సీటు.
చెవుల్లో తీగలు పెట్టుకున్న పిల్ల ఒకతి లేచి
"అమ్మమ్మా, ఇటు కూసో, అట్ల కూసుంటె కండ్లు తిరుగుతయ్" అంది.
తిరగనీ బిడ్డా, అన్నాను.

వర్క్‌షాపు గోడ, నీళ్ల ట్యాంకు,
తువ్వాలు ఆరేసిన ఒక క్వార్టరు,
గేటు దగ్గర సైకిలాపి నిలబడ్డ ఎవరో మనిషి.
మల్కాజిగిరి వచ్చేదాకా
నేనే చూశాను.