పెచ్చు

నలభై ఒకటో గంటకి మళ్ళీ రాలింది.
బీకరు అడుగున నల్లటి నలుసులు,
చేటలో మిగిలిన ఆవాల్లా.
తెర మీద గీత పైకి పాకుతోంది. స్విచ్చి కట్టేశాను.

ప్లాటినం అయితే రాలదు.
కానీ బొటనవేలి గోరంత రేకు ఖరీదుకి
గుణుపురంలో పాత ఆటో ఒకటి వస్తుంది.
నేను నీళ్ళు చీల్చాలనుకుంటున్నదే
ఆ ఆటోవాళ్ళ కోసం.

బస్టాండు వెనక దండాసి బెహరా కొట్టు.
సైకిలు హ్యాండిళ్ళకి, పెళ్ళి బ్యాండు బాకాలకి
ముప్పయ్యేళ్ళుగా నికెల్ పూత.
నా ఉక్కు జాలీ ముక్కని వెలుతురుకి పెట్టాడు,
ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.
"టికే రుహ" అని
కాసేపాగి తెలుగులోకి దిగాడు:
"జిడ్డు మీద పూసేవమ్మా.
తోమని గిన్నెకి కళాయి అంటదు."

దీని మీద అరవై పరిశోధనా పత్రాలు చదివాను.
ఒక్కటీ గిన్నె ఊసెత్తలేదు.

ఆమ్లంలో ముంచి, వంశధార ఇసకతో రుద్ది,
కడిగి, మళ్ళీ ముంచి,
పలచగా, తక్కువ కరెంటులో,
రాత్రంతా.
తొందరగా ఎక్కింది తొందరగానే దిగుతుంది,
అదీ ఆయన మాటే.

ఇవాళ నూట పన్నెండో గంట.
మధ్యలో రెండుసార్లు కరెంటు పోయింది.
ఇన్వర్టరుకి కాపలా కూర్చున్న బలరాం సబర్
బుడగలు లెక్కపెడుతూ కునుకు తీశాడు.
అవి మాత్రం లేస్తూనే ఉన్నాయి,
బియ్యం పోయడానికి ముందు ఎసరులా.

టార్చి వేసి అడుగున వెతికాను.
ఒక నలుసు ఉంది.
ఇసకరేణువేమో.
ఇసకరేణువే అయ్యుండాలి.