గ్యాప్ సర్టిఫికెట్

చిత్తూరు కోర్టు ఎదురుగా
జిరాక్సు మిషను పక్కన
నోటరీ వజ్రవేలు తలెత్తకుండానే అడిగినాడు:
"డిగ్రీ ఎప్పుడు పాసైనావమ్మా?"
చెప్పినాను.
వేళ్ళు మడిచి లెక్కేసి
"పదమూడేళ్ళు గ్యాపు" అన్నాడు,
ఊడిన పంటి సందును చూసినట్టు.

స్టాంపు కాగితం మీద
అందరికీ కొట్టించే వాక్యమే నాకూ కొట్టించినాడు:
"సదరు కాలంలో నేను ఏ చదువూ చదవలేదు,
ఏ పనీ చేయలేదు."

పెన్ను పట్టుకున్న బొటనవేలు నల్లగా ఉంది.
తోతాపురి సొన తిన్న గోరు అది.
ఏడు సీజన్లు గుజ్జు ఫ్యాక్టరీలో
కాయ కోసి టెంక తీసిన చెయ్యి.
మిగతా నెలల్లో రెండు ఆవులు, పాల కేంద్రం,
మంచంపట్టిన మామను నాలుగేండ్లు
ఎత్తి దించిన నడుము.

"ఏ పనీ" అన్న చోట కళ్ళు ఆగినాయి.
"అందరూ పెట్టేదేనమ్మా" అన్నాడు వజ్రవేలు.
పెట్టినాను.
గడువు రేపే మరి.

ఇంట్లో మా అత్త కుప్పమ్మ
అప్లికేషన్ను తలకిందులుగా పట్టుకుని చూసి
"ఏం చదువుమే ఇది?" అంది.
"స్త్రీల అధ్యయనం, అత్తా."
"ఆడోళ్ళ గురించి తెలుసుకునేదానికి
రెండేండ్లు తిరుపతికి పొయ్యి రావల్నా?
రొంతసేపు నా కాడ కూసో, చెప్తా."
ఎగతాళి అనుకుని నవ్వినాను.

ఆరుంబావు బస్సు.
పూతలపట్టు దాటేదాకా నిద్ర,
పాకాల కాడ నోట్సు,
చంద్రగిరి కోట కనబడితే కొప్పు సరిచేసుకోవడం.
బస్సు నిండా కొండకు పొయ్యేవాళ్ళే.
పక్క సీటామె "మొక్కుబడా?" అంటే
క్లాసని చెప్పడానికి సిగ్గేసి
మొదటి నెలంతా "ఊఁ" అన్నాను.

షంషాద్‌కు ఇరవై ఒకటి.
నన్ను ఆంటీ అని నాలిక కరుచుకుని,
తరవాత అక్కా అని,
ఆఖరికి పేరు పెట్టి పిలిచింది.
రెడ్డెమ్మ ఎవరా అని
వెనక్కి తిరిగి చూసినాను.

"వేతనం లేని శ్రమ" అని
మేడమ్ బోర్డు మీద రాసిన రోజు
అందరూ రాసుకున్నారు.
నేను రాసుకోలేదు.
ఎప్పుడో తప్పిపోయిన ఆవు సంతలో కనబడితే
మాదే అనడానికి గొంతు పెగలని మనిషిలాగా
ఆ మూడు మాటలనే చూస్తా కూర్చున్నాను.

పరిశోధనకు ఊరు ఎంచుకోమన్నారు.
దూరం పోలేదు.
నమూనా నంబరు ఒకటి: కుప్పమ్మ, అరవై ఎనిమిది.
"పొద్దుటినుంచి ఏమేం పనులు చేస్తావు?"
"ఏం జేస్తా. ఊరికే ఉంటా."
ఊరికే ఉంటానంటానే
చింతపండు కొట్టి గింజ తీస్తా ఉంది,
షావుకారు కిలోకింత అని పంపిన మూట అది.
గంటన్నర రికార్డులో
ఆమె మాట పది నిమిషాలు.
మిగతాదంతా
సత్తు గిన్నెలో గింజ పడే చప్పుడు.

వైవాలో బయటినుంచి వచ్చిన పెద్దాయన
కళ్ళద్దాలు నుదుటికెక్కించి
"ఈ మౌనాన్ని ఎట్లా విశ్లేషించావమ్మా?" అన్నాడు.
"మౌనం కాదు సార్. లెక్కపెట్టినాను.
నిమిషానికి ఇరవై రెండు."
ఆయన ఏదో రాసుకున్నాడు.
ఏం రాసుకున్నాడో ఈ రోజుకీ తెలీదు.
మెడల్ షంషాద్‌కు వచ్చింది.
నాకు సెకండ్ క్లాసు, రెండు వేళ్ళకు కాయలు,
బస్సు కండక్టరుతో స్నేహం.

ఒరిజినల్స్ వెనక్కిచ్చిన రోజు
వాటి మధ్యనుంచి ఆ స్టాంపు కాగితం జారి పడింది.
"అదేందిమే?" అంది అత్త.
"పదమూడేళ్ళు నేను ఏ పనీ చెయ్యలేదని."
"ఎవుడు రాసినాడు?"
"నోటరీ."
"కింద గీకింది నువ్వేనా?"
"నేనే."
సుత్తి పక్కన పెట్టి
చీర కొంగుతో చెయ్యి తుడుచుకుని
కాగితాన్ని ఈసారి కూడా తలకిందులుగానే చూసింది.
"నాకంటే అచ్చరం రాదు.
యాడ ముద్ర వెయ్యమంటే ఆడ వేస్తి.
నువ్వు చదివే పెట్టినావా?"

నేను జవాబు వెతుక్కునేలోపు
గిన్నెలో
ఇంకో మూడు గింజలు పడినాయి.