ఆగినాక దిగాల

గాంధీరోడ్డు అంగట్లో కుర్రోడు
తళతళలాడే పలక చూపించి ఎక్కమన్నాడు.
"ఊరికే నిలబడితే చాలమ్మా,
నెలకు పది కిలోలు రాలిపోతాయి."

ఇరవై నాలుగేండ్లు నిలబడే ఉన్నా నాయనా,
చిత్తూరు–పలమనేరు పల్లెవెలుగులో,
ఇంజను అరికాళ్లలో దూరి
పండ్ల దాకా మాట్లాడతా ఉంటే.
రాలింది కిలోలు కాదు,
ఎముకల్లో సున్నం.

వాడికా మాట చెప్పలేదు.
స్కాను కాగితం సంచిలో మడిచి ఉంది,
పక్కనే హసీనా మేడం చీటీ.
గ్రీమ్స్‌పేట సందులో ఆమె గది,
గోడకు వేలాడే రబ్బరు తాళ్లు, నూనె వాసన.
"ఇది మందు కాదు రెడ్డెమ్మా.
మాత్ర మానొద్దు, నడక మానొద్దు.
తొడల్లో పట్టొస్తుంది, తూలడం తగ్గొచ్చు.
ఎముక సంగతి గ్యారంటీ ఇవ్వను."
గ్యారంటీ ఇవ్వని మనిషినే నేను నమ్ముతా.
గొంతు చించుకుని పిలిచే బస్సు
అందరికంటే ఆలస్యంగా కదుల్తుంది,
ఏ స్టాండులోనైనా అడగండి.

కుర్రోడు తొంభై తొమ్మిది స్పీడ్లన్నాడు,
రంగు లైట్లన్నాడు, పాటలు కూడా వస్తాయన్నాడు.
ఎంత మెల్లగా పోతుందో అది చూపించన్నా.
మెల్లగా పోలేని బండిని
మొగిలి ఘాట్‌లో ఎవరు నమ్ముతారు?
పలక ఎన్ని మిల్లీమీటర్లు లేస్తుందంటే
పెట్టె తిప్పి తిప్పి చూసినాడు.
నా బరువు మోస్తుందా అంటే నవ్వినాడు.
పట్టుకునే కడ్డీ ఏదంటే
"దీనికి కడ్డీ ఎందుకమ్మా" అన్నాడు.

కడ్డీ లేని బస్సుకు
నేనెప్పుడూ రైట్ చెప్పలేదు.

మూడో అంగట్లో దొరికింది, దర్గా దగ్గర.
లైట్లు లేవు. నడుమెత్తు కడ్డీ ఉంది.
వంగి చెవి పెట్టి విన్నా,
డ్రైవరు దొరస్వామన్న నేర్పిన విద్య:
వదులు నట్టు ముందు సణుగుతుంది,
తర్వాతే అరుస్తుంది.
ఇది సణగలేదు.

మొదటిరోజు హసీనా మేడమే ఇంటికొచ్చింది.
"మోకాళ్లు బిగించొద్దు, కొంచెం వంచు.
బిగిస్తే అదురంతా తలకెక్కుతుంది."
నాకు నవ్వాగలేదు.
ఒక చేతిలో టికెట్ల మిషను, ఒక చేతిలో చిల్లర,
మలుపులో పట్టుకోను మూడో చెయ్యి ఏది?
మోకాళ్లే పట్టుకున్నాయి నన్ను.
కర్రల్లా నిలబడిన కొత్త కండక్టర్లు
ఆడోళ్ల సీట్లో బుట్టల మీద పడేవాళ్లు.

ఒక నిమిషం. దిగి ఒక నిమిషం.
మళ్లీ ఒక నిమిషం. రోజు మార్చి రోజు.
చూపు మసకైతే, నడుము కలుక్కుమంటే ఆపేయాల.
నేనడిగినా: "మేడం, నా వెన్ను తిన్నది ఈ అదురే కదా,
తిన్న నోరే తెచ్చి పెడుతుందా?"
ఆమె వెంటనే పలకలేదు.
"అది ఎనిమిది గంటలు, ఇది ఎనిమిది నిమిషాలు.
దాని స్విచ్చి నీ దగ్గర లేదు."
సగం జవాబే. సగమైనా తీసుకున్నా,
చిల్లర లేనప్పుడు టికెట్టు వెనక రాసిచ్చినట్టు.

పక్కింటి చెంగమ్మ చీర దోపుకుని వచ్చింది:
"ఒక్క రౌండే!"
ఆమె గుండె పక్కన బ్యాటరీ బిళ్ల ఉంది.
"టికెట్ లేదు, దిగు" అన్నా.
"డాక్టరు రాసిస్తే సీటిస్తా."
రెండురోజులు నా గుమ్మం వైపు చూడలేదు.
మూడోరోజు పితికిపప్పు పంపింది,
ఉప్పు కొంచెం ఎక్కువేసి.

సాయంత్రాలు ఉత్తకాళ్లతో ఎక్కుతా.
కిటికీలో చెంబు నీళ్లు ముందు వణుకుతాయి,
తర్వాత నేను.
ఎవరూ ఎక్కరు, ఎవరికీ బాకీ లేను.
గంట మోగుతుంది.
"హోల్డాన్" అంటా, ఖాళీ ఇంట్లో, గట్టిగానే.
పలక పూర్తిగా నిలిచేదాకా కడ్డీ వదలను.
ఎన్ని వేలసార్లు అరిచినానో జనం మీద,
ఆగినాక దిగండి, ఆగినాక దిగండి అని.
ఎడమకాలు ముందు పెట్టి
దిగుతా.